బలంగీర్ మేడమ్

పాఠం చెప్పినందుకు ఆమెను ఉద్యోగంలోంచి తీసేసిన స్కూలే, ఆమె చనిపోయాక గేటుకు ఫ్లెక్సీ కట్టింది.

తార్నాకలో మెట్రో దిగి ఆ సందులోకి మళ్ళిన ప్రతివాడికీ కనబడేటట్టు కట్టారు. "మా ప్రియతమ సోషల్ టీచర్‌కు అశ్రునివాళి" అని రాసి ఉంది. అందులో ఆమె బొమ్మ కంటే కరస్పాండెంట్ బొమ్మ పెద్దది. చేతులు జోడించి, కన్నీళ్ళు ఒక్కటే తక్కువ అన్నట్టు నిలబడ్డాడు. దారిన పోయేవాళ్ళు అది చదివి, ఎంత మంచి స్కూలో, పాత టీచర్లను కూడా మరిచిపోలేదు అనుకుంటున్నారు. ఒకాయన నా ముందరే అన్నాడు. తీసేసింది వీళ్ళేనయ్యా అని నేను చెప్పబోయేసరికి ఆయన మెట్రో మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

అందుకని రాస్తున్నాను. ఫ్లెక్సీ మీద రాసింది చదివేవాళ్ళు ఇంతమంది ఉన్నప్పుడు, దాని మీద రాయనిది కూడా ఎవరో ఒకరు రాయాలి కదా.

నేను ఆ స్కూలుకు పిల్లలను తోలిన ఆటోవాణ్ణి. నాది నాలుగో తరగతి చదువు. మిగతాదంతా ఆ గేటు ముందర ఆటోలో కూర్చుని, దొరికిన పేపరూ పుస్తకమూ పట్టుకుని నాకు నేను నేర్చుకున్నది. యూనివర్సిటీ హాస్టళ్ళు ఖాళీ చేసేటప్పుడు విద్యార్థులు పారేసి పోయే పుస్తకాలు ఎన్నో చదివాను. అర్థం కానివి కూడా చదివాను, కోపంతో చదివాను.

ఏడో తరగతి గది కిటికీ ఆ సందులోకే ఉండేది. పొద్దున పిల్లలను దించి, కిటికీ పక్కనే ఆటో ఆపుకుని కూర్చుంటే లోపలి పాఠాలన్నీ వినబడేవి. లెక్కల సారు పాఠం మొదలవగానే నాకు నిద్ర వచ్చేది. సోషల్ పీరియడ్‌కు లేచి కూర్చునేవాణ్ణి. ఆమె అది కనిపెట్టింది. ఆ రోజు నుంచి కిటికీ రెక్క బార్లా తీసి పెట్టేది. ఎండ కొడుతోంది టీచర్ అని పిల్లలంటే, గాలి రావాలి కదమ్మా అనేది. గాలి ఏమీ వచ్చేది కాదు. ఆ సందులో గాలి ఎక్కడిది?

మనిషి పొడుగు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని, ముందర ఎవరో పిలుస్తున్నట్టు నడిచేది. సుద్ద ముట్టుకుంటే వేళ్ళు పగిలేవి. అందుకని సుద్దముక్కకు రుమాలు చుట్టి పట్టుకుని రాసేది. పాఠం అయ్యేసరికి ఆ రుమాలుతోనే మొహం తుడుచుకుని, ముక్కు మీద తెల్ల మచ్చతో స్టాఫ్‌రూముకు పోయేది. పిల్లలకు ఆ మచ్చ ఇష్టం. అందుకే ఎవరూ ఆమెకు చెప్పేవాళ్ళు కాదు.

ఎవరు కనబడినా ఆమె మొదట అడిగేది, ఏ ఊరు అని. మనదగ్గర ఊరు అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు, దాని వెనక ఇంకేదో తెలుసుకోవడానికి అడుగుతారు. ఆమెకు ఆ వెనకది అక్కర్లేదు. ఊరు చెప్పగానే రెండో ప్రశ్న వేసేది.

"వచ్చిన రోజు ఎక్కడ పడుకున్నారండీ?"

కూరగాయల బండామెను అడిగింది. కొరియర్ తెచ్చిన అబ్బాయిని అడిగింది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఆఫీసరును అడిగితే ఆయన ఉలిక్కిపడి, చిక్కడపల్లిలో మా ఫ్రెండు రూములో అని చెప్పి, తర్వాత ఎందుకు చెప్పానా అన్నట్టు చూశాడట. నన్నూ అడిగింది. సీతాఫల్‌మండి స్టేషన్‌లో టికెట్ల కిటికీ కింద పడుకున్నాను అని చెప్పాను. నా పెళ్ళానికి కూడా ఆ సంగతి తెలియదు, ఎందుకంటే ఆమె ఎప్పుడూ అడగలేదు. టీచరమ్మ విని ఊరుకోలేదు. కింద ఏం పరుచుకున్నారు, పొద్దున ఎవరైనా లేపారా, లేపినవాళ్ళు తిట్టారా అని అడిగింది. తిట్టలేదు, చాయ్ తాగమన్నాడు అన్నాను. ఆమె మొహం వెలిగింది, ఆ చాయ్ తనకే ఎవరో పోసినట్టు.

ఏడో తరగతి పుస్తకంలో వలస మీద ఒక చిన్న పాఠం ఉండేది. వేరే స్కూళ్ళలో ఒక్క పూటలో చదివి వినిపించి, ప్రశ్నలకు జవాబులు రాయించేవాళ్ళు. ఆమె దాన్ని వారాల తరబడి చెప్పేది. మొదటి ఇంటిపని ఎప్పుడూ ఒక్కటే. మీ ఇంట్లో హైదరాబాదుకు మొట్టమొదట వచ్చింది ఎవరు, ఎందుకు వచ్చారు, వచ్చిన రోజు ఎక్కడ పడుకున్నారు, అడిగి రండి. పిల్లలకు సరదా. పెద్దలకు మంట.

చైత్ర అని ఒక పిల్ల నా ఆటోలోనే వచ్చేది. ఆ ఇంటిపని ఇచ్చిన తెల్లారి వాళ్ళ నాన్న స్కూలుకు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, బ్యాంకులో పని, తార్నాకలోనే సొంత ఫ్లాటు. వలస పాఠంలోకి మా కుటుంబాన్ని ఎందుకు లాగారు అని ఆయన గొడవ.

"మేం ట్రాన్స్‌ఫర్ మీద వచ్చామండీ. వలస అంటే కూలీలు" అన్నాడు.

ఆమెదీ ఆ వైపే. అదే యాసలో మెత్తగా అంది, "ట్రాన్స్‌ఫర్ కాగితం పట్టుకొస్తే ఉద్యోగం, మేస్త్రీ మాట పట్టుకొస్తే వలసాండీ? సరే, మీరన్నట్టే కానివ్వండి. వచ్చిన రోజు ఎక్కడ పడుకున్నారు?"

ఆయన కాసేపు గేటు వైపు చూశాడు. ముషీరాబాద్‌లో మా బాబాయి ఇంటి వరండాలో అన్నాడు చివరికి. పిన్ని లోపలికి రమ్మనలేదు అని కూడా అన్నాడు. ఇంతసేపూ నేను ఆటోలో కూర్చుని పేపరు అడ్డం పెట్టుకుని వింటున్నాను. మర్నాడు ఆటోలో చైత్ర తక్కిన పిల్లలకు చెబుతోంది, మా నాన్న సూట్‌కేసు తల కింద పెట్టుకుని పడుకున్నాడంట, ఎవరైనా ఎత్తుకుపోతారని. గొప్పగా చెబుతోంది. తండ్రి దాచుకున్నది కూతురికి గొప్ప అయింది. ఆమె పాఠం అట్లా పనిచేసేది.

ఇక జరిగింది చెప్పాలి.

కరోనాకు ముందటి సంవత్సరం, వానాకాలం. యూనివర్సిటీలో కొత్త హాస్టలు కడుతున్నారు. తార్నాక వాళ్ళందరికీ పొద్దున నడక అక్కడే కాబట్టి ఆమెకూ అక్కడే. హాస్టలు పక్కన రేకుల షెడ్లు వేసి ఒడిశా నుంచి తెచ్చిన కూలీలను పెట్టారు. అక్కడ ఒక పిల్ల, మన ఏడో తరగతి పిల్లల ఈడుది, తల్లి పక్కన నిలబడి ఇసుక జల్లెడ పడుతూ కనబడింది. టీచరమ్మ తనకు వచ్చిన ముక్కల హిందీలో ఊరు అడిగింది. ఆ పిల్ల తెలుగులో జవాబు చెప్పింది. మాది బలంగీర్, నేను మినతి, మా బాపు ధనేశ్వర్. కరీంనగర్ వైపు ఏదో కట్టడం దగ్గర రెండు మూడు ఏళ్ళు ఉన్నారట, అక్కడ అబ్బిన తెలుగు. వచ్చిన రోజు ఎక్కడ పడుకున్నావమ్మా అంటే, ఈడనే, ఇసుక మీద అని చూపించింది.

ఆ వారంలోనే మినతిని స్కూలుకు తెచ్చింది. చేర్చుకోమని కరస్పాండెంట్‌ను అడిగితే జూన్‌లో చూద్దాం అన్నాడు. జూన్ అంటే మళ్ళీ ఏడాది. ఆమె ఆగలేదు. చైత్ర పాత యూనిఫాం తొడిగించి, ఏ రిజిస్టరులోనూ ఎక్కించకుండానే ఏడో తరగతిలో కూర్చోబెట్టింది. పొద్దున నేనే సైటు దగ్గర ఆగి మినతిని ఎక్కించుకునేవాణ్ణి. ఆ పిల్ల ఆటోలో మాట్లాడేది కాదు. ఒక్కరోజు మాత్రం తానే నోరు తెరిచి వాళ్ళ పండుగ గురించి చెప్పింది. నువాఖాయి అట. కొత్త వడ్లు ఇంటికి రాగానే ఆ బియ్యం వండి, ఇంట్లో పెద్దవాళ్ళ చేతి మీదుగా అందరూ తినాలట. ఎక్కడున్నా ఆ రోజుకు ఇంటికి చేరాలట. మీరు వెళ్తారా అని చైత్ర అడిగితే, తెల్వదు అంది.

వలస పాఠం ఆఖరి రోజున పిల్లలను కట్టడం దగ్గరికి తీసుకుపోవడం టీచరమ్మ పద్ధతి. ఏటా ఎక్కడో ఒకచోటికి వెళ్ళేవాళ్ళం. ఆ ఏడు స్లాబ్ వేసే రోజును ఎంచుకుంది. స్లాబ్ రోజు సంగతి తెలియనివాళ్ళకు చెబుతాను. కాంక్రీటు పోయడం మొదలుపెడితే మధ్యలో ఆపరాదు, ఆపితే అతుకు పడుతుంది. అందుకని ఆ రోజు ఆడా మగా ముసలీ అందరూ వరసలో నిలబడాలి, తట్టలు చేతి నుంచి చేతికి పైకి పోతూనే ఉండాలి. పని అంటే ఏమిటో మొత్తం ఒక్కచోట కనబడేది ఆ రోజేనండీ అంది. ఇంజనీరును అడిగి, దూరంగా నిలబెడతామని మాట ఇచ్చి, నా ఆటోలోనూ ఇంకో ఆటోలోనూ పిల్లలను ఎక్కించింది.

దారిలో ఆమె చెప్పే మాటలు నాకు కంఠతా వచ్చు. అయ్యో పాపం అనకూడదు. బిస్కెట్లు పంచకూడదు. మొహం చూసి మాట్లాడాలి. వాళ్ళు తిరిగి ఏదన్నా అడిగితే మనమూ చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎవరి సంగతి వాళ్ళనే అడగాలి, ఒకరి సంగతి ఇంకొకరిని అడగకూడదు. ఈ ఆఖరి మాట ఆమెకు ప్రాణం. పనివాళ్ళ గురించి యజమానిని అడిగి, యజమాని గురించి పనివాళ్ళను అడిగి ఊళ్ళో సగం అబద్ధాలు పుడుతున్నాయనేది.

పదిన్నరకు, పని ఆగకుండానే, వంతు ప్రకారం చాయ్ కోసం ఒక వరసవాళ్ళు పక్కకు వచ్చారు. పిల్లలు వెళ్ళి వాళ్ళ దగ్గర కూర్చున్నారు. ఒక కూలీ చైత్రను మీ నాన్న ఏం పని చేస్తాడని అడిగాడు. బ్యాంకులో కంప్యూటర్ ముందు కూర్చుంటారు అంది. రోజంతా కూర్చుంటే నడుము నొయ్యదా అని అతను నిజంగానే బాధపడ్డాడు. నొస్తుంది, బెల్టు పెట్టుకుంటారు అంది చైత్ర. అందరూ నవ్వారు. ధనేశ్వర్ కూడా నవ్వాడు, మినతి తండ్రి, ఎడమచేతికి ఒక వేలు లేని మనిషి. ఆ నవ్వులోనే చైత్ర అతన్ని అడిగింది, నువాఖాయికి ఇంటికి వెళ్తారా అంకుల్ అని. అతను, ఎట్లా పోతాం, ఆధార్ కార్డులు సర్దార్ దగ్గర ఉన్నాయి, పని అయినాక ఇస్తాడు అన్నాడు. చాయ్ బాగుంది అన్నంత మామూలుగా అన్నాడు.

సర్దార్ అంటే వాళ్ళను ఊరి నుంచి తోలుకొచ్చిన మేస్త్రీ. అతను కొంచెం అవతల కుర్చీ వేసుకుని ఫోను చూసుకుంటున్నాడు. చైత్ర లేచింది. ఎవరి సంగతి వాళ్ళనే అడగాలి కదా. కార్డులు సర్దార్ దగ్గర ఉంటే సర్దార్‌నే అడగాలి. నేరుగా అతని ముందుకు వెళ్ళి నిలబడింది.

"అంకుల్, వీళ్ళ ఆధార్ కార్డులు మీ దగ్గరెందుకున్నాయి?"

అతను ఫోను దించాడు. వాన పడితే షెడ్లలో తడుస్తాయి బేటీ, నా దగ్గరైతే భద్రం అన్నాడు, నవ్వుతూనే.

"ప్లాస్టిక్ కవర్లో పెడితే తడవవు అంకుల్. మా అమ్మ రేషన్ కార్డు అట్లాగే పెడుతుంది. మేం కవర్లు తెచ్చిస్తాం" అంది చైత్ర.

మినతి తల్లి ఫక్కున నవ్వింది. ఆమె వెనక ఇంకో ఆడమనిషి, తర్వాత మగవాళ్ళు. తిట్టు లేదు, కొట్లాట లేదు. అంతమంది అతని ముందర నవ్వారు, అంతే. సర్దార్ కుర్చీలోంచి లేచి, దాన్ని మడిచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ మొహం చూశాను. టీచరమ్మ కూడా చూసింది. పిల్లలను ఇక పదండి అంది.

మర్నాడు సైటు దగ్గర ఆటో ఆపాను. మినతి లేదు. షెడ్లలో ఎవరూ లేరు. పొయ్యి రాళ్ళు ఉన్నాయి. యూనిఫాం ఉతికి, తీగ మీద ఆరేసి ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు, పొద్దుగాల్నే లారీల ఎక్కిచ్చిండు, యాడికో నాకేమెరుక అని.

టీచరమ్మకు చెప్పాను. సుద్ద చుట్టిన రుమాలు చేతిలోనే ఉంది.

"నా పాఠం వాళ్ళను వెళ్ళగొట్టింది అన్నయ్యగారూ" అంది.

నేనూ కాదనలేదు. ఆ సర్దార్ మొహం చూసినవాణ్ణి. నా కోపం అతని మీద. ఆమె కోపం ఆమె మీదే.

ఆ తర్వాత ఆమె క్లాసులోకి వెళ్ళింది. నేను కిటికీ పక్కనే ఉన్నాను. మినతి ఏది టీచర్ అని చైత్ర అడిగింది. ఆమె రుమాలుతో మొహం తుడుచుకుని చెప్పింది, నువ్వు అడిగావు కదమ్మా, సర్దార్ కార్డులు ఇచ్చేశాడు, వాళ్ళు నువాఖాయికి ఇంటికి వెళ్ళారు అని. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆమె నోట అబద్ధం నేను విన్నది అదొక్కటే.

సాయంత్రం నిలదీశాను. గదేంది టీచరమ్మా, పిల్లలకు అబద్ధం జెప్తవా, సర్దార్ ఏం జేసిండో చెప్పరాదా, వాళ్ళకు తెల్వాలె అన్నాను. ఆమె కుచ్చిళ్ళు పట్టుకుని నడుస్తూనే, నా వైపు చూడకుండా జవాబిచ్చింది.

"తాను ఒక మాట అడిగితే ఎవరికో అన్నం పోయిందని తెలిస్తే, ఆ పిల్ల ఇంకెప్పుడూ నోరు తెరవదండీ."

ఇది జరిగిన కొద్ది రోజులకే ఆమెను తీసేశారు. స్లాబ్ రోజున తట్ట పట్టుకుని నిలబడిన చైత్ర ఫోటో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. పెట్టింది ఎవరో కాదు, ముషీరాబాద్ వరండాలో సూట్‌కేసు మీద తల పెట్టుకుని పడుకున్నాయనే. మేం ఫీజు కట్టేది మా పిల్లలతో తట్టలు మోయించడానికా అని రాశాడు. పిల్ల ఆ తట్టను ముట్టుకుని చూసింది, అంతే. కరస్పాండెంట్ ఆమెను పిలిపించి, పిల్లలు ఇక్కడికి వచ్చేది మేస్త్రీలు కావడానికి కాదు మేడమ్ అన్నాడట. ఆమె ఇచ్చిన జవాబు స్కూలు ఆయా నాకు చెప్పింది, తలుపు దగ్గర నిలబడి విన్నదట.

"వాళ్ళు మేస్త్రీలు కారండీ. మేస్త్రీలను పెట్టుకునేవాళ్ళవుతారు. అందుకే చెప్తున్నా."

సంవత్సరం మధ్యలో పంపించేశారు. వీడ్కోలు లేదు, పూలదండ లేదు. ఆమె స్థానంలో వచ్చినాయన వలస పాఠాన్ని ఒక్క పూటలో ముగించాడు. కిటికీ రెక్క మూసే ఉండేది.

ఉద్యోగం పోయినందుకు ఆమె ఏడవడం నేను చూడలేదు. ఇంకో స్కూల్లో అడగలేదు. ఆమె వెతకడం మొదలుపెట్టింది. నా ఆటో ఖాళీగా ఉండే వేళ చూసుకుని ఫోను చేసేది. హబ్సిగూడలో ఏదో అపార్ట్‌మెంటు లేస్తోందండీ, ఒకసారి చూసొద్దామా. సీతాఫల్‌మండి రైల్వేస్టేషన్ అవతల గోతులు తవ్వుతున్నారండీ. ముషీరాబాద్‌లో ఏదో ఆస్పత్రి కడుతున్నారట. ప్రతి గేటు దగ్గరా దిగి, కళ్ళద్దాలు తుడుచుకుని, బలంగీర్ వాళ్ళున్నారాండీ అని అడిగేది. వాచ్‌మన్లు ఆమెకు బలంగీర్ మేడమ్ అని పేరు పెట్టారు.

ఒకచోట వాచ్‌మన్ ఆమెను ఏదో కంపెనీ తరఫున కూలీలను మాట్లాడటానికి వచ్చిన మనిషి అనుకున్నాడు. "ఎంతమంది గావాలె మేడమ్? బలంగీరోళ్ళయితే మంచిగ జేస్తరు. నోరు లేవది" అన్నాడు.

ఒక్కరే కావాలండీ, చిన్నపిల్ల అంది ఆమె, మామూలుగా.

వాడు బెదిరిపోయాడు. "చిన్నపిల్లలను వెట్టుకోకుండ్రి మేడమ్, కేసైతది" అన్నాడు. ఆటోలోకి వచ్చాక ఆమె నవ్వింది, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది, నీళ్ళు ఆగలేదు. నేను అద్దం పక్కకు తిప్పి ఆటో నడిపాను.

లాక్‌డౌన్‌లో మూటలు నెత్తిన పెట్టుకుని జనం ఊళ్ళకు నడిచిపోతున్న బొమ్మలు టీవీలో వచ్చేవి. నేను కూరగాయలు ఇచ్చి రావడానికి వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు, ఆమె టీవీకి జానెడు దూరంలో నిలబడి ఉంది. అంత దగ్గరగా చూస్తే కళ్ళు పోతాయమ్మా అన్నాను. మొహాలు కనబడటం లేదండీ, వీళ్ళు వెనకనుంచే తీస్తున్నారు అంది.

అట్లా ఏళ్ళు గడిచాయి. నాకు చూపు తగ్గి ఆటో అమ్మేశాను. ఇద్దరం బస్సులో వెళ్ళేవాళ్ళం, తర్వాత తార్నాక చుట్టుపక్కలకే నడిచి వెళ్ళేవాళ్ళం. చివరికి ఆమె మంచం పట్టింది. ఆస్పత్రిలో సూది వేయడానికి వచ్చిన కేరళ నర్సును కూడా వచ్చిన రోజు ఎక్కడ పడుకున్నావమ్మా అని అడిగింది. ఆ అమ్మాయి సూది పట్టుకుని మంచం అంచున కూర్చుని, హాస్టల్లో మంచం దొరకక ఎట్లా గడిపిందో చెప్పడం మొదలుపెట్టింది. పక్క మంచాల వాళ్ళు మాకు సూదులు ఎప్పుడమ్మా అని అరుస్తున్నారు.

ఆమె పోవడానికి ముందు నేను వెళ్ళినప్పుడు గొంతు బాగా సన్నబడి ఉంది. మినతి దొరకాలని కూడా ఇప్పుడు లేదండీ అంది. "ఒక్క మాట తెలిస్తే చాలు అన్నయ్యగారూ. ఆ పిల్ల ప్రశ్న వల్లేనా, కాదా."

తెలుసుకుంటాలే అమ్మా అన్నాను. ఎట్లా తెలుసుకుంటానో నాకు తెలియదు. ఆమె పోయింది.

దహనానికి స్కూలు నుంచి ఎవరూ రాలేదు. చైత్ర వచ్చింది. పెద్దదైంది, లా చదువుతోందట, ఆ యూనివర్సిటీలోనే. నన్ను గుర్తుపట్టి, ఆటో అంకుల్ అని చెయ్యి పట్టుకుంది. కాసేపు ఏడ్చి, మొహం తుడుచుకుని అడిగింది, నువాఖాయికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ వచ్చారా అంకుల్ అని. ఇన్నేళ్ళూ ఆ పిల్ల తన ప్రశ్న వాళ్ళను పండక్కి ఇంటికి పంపిందనే అనుకుంటోంది. కాలేజీలో ఎక్కడ ఏ అన్యాయం కనబడినా లేచి నిలబడేది తానేనట, అందుకు టీచరే కారణమట. వచ్చారమ్మా, అంతా బాగున్నారు అన్నాను. ఇంకేం చెప్పను?

ఆమె పోయినా అడగడం నాకు అలవాటైపోయింది. యూనివర్సిటీలో ఇప్పుడు ఇంకో భవనం లేస్తోంది. పొద్దున నడకకు వెళ్ళి, ఆ గేటు దగ్గర ఊరికే నిలబడి బలంగీర్ వాళ్ళున్నారా అని అడిగాను. ఉన్నారు. వాళ్ళలో ఒక తాపీమేస్త్రీ నేను చెప్పిందంతా విని, ధనేశ్వరా, ఎడమచేతికి ఒక వేలు లేదు, అతనేనా అన్నాడు. అతనే. వాళ్ళది మా పక్క ఊరే అన్నాడు. కూతురి పేరు మినతి. ఆమె ఇప్పుడు పెళ్ళై బెంగళూరు వైపు ఎక్కడో కట్టడం పనిలో ఉంది. అతను ఎవరెవరికో ఫోన్లు చేసి ఆమె నంబరు సంపాదించి ఇచ్చాడు.

చేస్తే ఎత్తలేదు. వాట్సాప్‌లో నా గొంతుతో అంతా చెప్పి పంపాను. టీచరమ్మ సంగతి, స్లాబ్ రోజు, చైత్ర అడిగిన ప్రశ్న, సర్దార్, మర్నాడు ఖాళీ షెడ్లు, ఆమె ఏళ్ళ తరబడి తిరగడం, ఆఖరికి ఆమె అడిగిన ఒక్క మాట. కొన్నాళ్ళు ఏమీ రాలేదు. నిన్న వచ్చింది. వెనకాల కాంక్రీటు కలిపే మిల్లర్ తిరుగుతున్న చప్పుడు. ఆడగొంతు, కరీంనగర్ తెలుగు ఇంకా పోలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"నమస్తే అంకుల్, మినతిని. మీరు వెట్టింది మల్ల మల్ల విన్న. హైదరాబాద్‌ల మస్తు సైట్ల జేసినం, అండ్ల యూనివర్సిటీ ఏదో నాకు యాదికొస్తలేదు. బడికి వోయినట్టు కూడ యాదికి లేదు. గానీ పిల్లలు ఏమో అడిగిండ్రని మమ్మల్ని ఎవ్వరు ఎల్లగొట్టలే అంకుల్. మాది కాంక్రీట్ జట్టు. స్లాబ్ వడ్డదంటే ఆ సైట్ల మాకు పని లేనట్టే, తెల్లారి లారీ వస్తది. ముందురోజే మూటలు గట్టుకుంటం. ఎప్పటికి గంతే. ఎవ్వరికి చెప్పం, చెప్పేటోళ్ళు ఎవ్వరుంటరు? ఆ టీచర్ గన్ని ఏండ్లు తిరిగిందంటున్నరు, వింటాంటె నాకు ఎట్లనో అయితున్నది. మా కోసం ఎవ్వరు తిరగరు అంకుల్. మా దిక్కు మినతి అనేటోళ్ళు మస్తుమంది ఉంటరు. ఆమె ఎతికింది ఇంకో మినతిని అయ్యుంటది. మల్లొకసారి మంచిగ అడిగి సూడుండ్రి."